విద్యార్థి ఇంటికి వెళ్ళే ఉపాధ్యాయులకు

ప్రభుత్వ బడుల్లో పనిచేసేవారికి విద్యార్థుల ఇళ్ళకు వెళ్ళడం కొత్త సంగతి కాదు. తెలంగాణలో ఏటా జూన్ నెలలో జరిగే ఆచార్య జయశంకర్ బడిబాటలోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 'బడి పిలుస్తోంది' వంటి కార్యక్రమాల్లోనూ ఉపాధ్యాయులు వీధి వీధీ తిరిగి, ప్రతి ఇంటి తలుపూ తట్టి పిల్లలను బడిలో చేర్పించారు. వారం రోజులుగా రాని పిల్లవాడి కోసం వెళతాం, ఆధార్ నకలు కోసమో బ్యాంకు పుస్తకం కోసమో వెళతాం, పదో తరగతి పరీక్షల ముందు పిల్లలు రాత్రిపూట చదువుతున్నారో లేదో చూడడానికి వెళతాం. ఇవన్నీ అవసరమైన పనులే. కానీ ప్రతిసారీ ఏదో ఒకటి అడగడానికో, చెప్పడానికో, హెచ్చరించడానికో వెళుతున్నాం కనుక, గడప ముందు ఉపాధ్యాయుడు కనబడగానే "మావాడు ఏం చేశాడు సార్?" అన్న ప్రశ్నే తల్లిదండ్రుల నోట ముందుగా వస్తుంది. ఇక్కడ చెప్పబోయేది వేరే రకం సందర్శన గురించి. తరగతిలో రోజూ మన ముందు కూర్చునే పిల్ల ఏ ఇంటి నుంచి వస్తోంది, ఆ ఇంట్లో ఆమె ఏమేం నేర్చుకుంది, ఆ ఇంటివాళ్ళు ఆమె చదువు గురించి ఏం ఆశిస్తున్నారు అన్నది తెలుసుకోవడానికి మాత్రమే వెళ్ళే సందర్శన అది.

బాలల ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టం, 2009లోని 24వ సెక్షన్ ఉపాధ్యాయుల విధులను పేర్కొంటూ, తల్లిదండ్రులతోనూ సంరక్షకులతోనూ క్రమం తప్పకుండా సమావేశమై పిల్లల హాజరు, అభ్యసన సామర్థ్యం, ప్రగతి గురించి వారికి తెలియజేయాలని నిర్దేశించింది. ఆ సమావేశం బడి గదిలోనే జరగాలని చట్టం అనలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకే రోజు తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల మెగా సమావేశం నిర్వహించారు. అటువంటి సమావేశాల విలువ కాదనలేనిది. అయినా వాటికి రాలేకపోయే కుటుంబాలు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి: ఒక పూట పోతే కూలి పోయేవాళ్ళు, వలస వెళ్ళినవాళ్ళు, చదువు రాదన్న బిడియంతో బడి గేటు దాటలేనివాళ్ళు. వచ్చినా చివరి వరుసలో కూర్చుని, పిలిస్తే తప్ప మాట్లాడకుండా వెళ్ళిపోయేవాళ్ళు మరికొందరు. మనం బాగా తెలుసుకోవలసిన పిల్లలు తరచుగా ఆ ఇళ్ళ పిల్లలే.

ఈ పద్ధతి ఇతర దేశాల్లోనూ ఉంది. జపాన్‌లో ఏప్రిల్‌లో కొత్త విద్యాసంవత్సరం మొదలైన కొద్ది వారాలకే తరగతి ఉపాధ్యాయుడు విద్యార్థుల ఇళ్ళకు వెళ్ళి రావడం చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. అమెరికాలోని శాక్రమెంటో నగరంలో 1998లో మొదలైన గృహ సందర్శన కార్యక్రమంలో ఉపాధ్యాయులు ఇద్దరేసి వెళతారు. అటు ఉపాధ్యాయులైనా ఇటు కుటుంబాలైనా ఇష్టపూర్వకంగానే పాల్గొంటారు. పిల్ల భవిష్యత్తు గురించి కుటుంబానికి ఉన్న ఆశల గురించే మొదట మాట్లాడతారు. మన దగ్గర ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ కార్యకర్తలు 1990ల ఆరంభం నుంచి రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికుల ఇళ్ళకు మళ్ళీ మళ్ళీ వెళ్ళి, కుటుంబాలతో కూర్చుని మాట్లాడి, వేలాది మంది పిల్లలను పని నుంచి బడికి తీసుకువచ్చారు. ఆ కృషికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. పేద తల్లిదండ్రులకు చదువు మీద ఆసక్తి లేదన్న మాట ఎంత తప్పో ఆ అనుభవం చూపించింది. ఇంటికి బయలుదేరే ముందు మనం మనసులోంచి తీసేయవలసిన మొదటి మాట కూడా అదే.

అందరి ఇళ్ళకూ వెళ్ళాలి

చదువులో వెనుకబడినవారి ఇళ్ళకో, అల్లరి చేసేవారి ఇళ్ళకో మాత్రమే వెళితే ఆ సందర్శన శిక్షగా మారిపోతుంది. సారు ఎవరి ఇంటికి వెళ్ళారో మర్నాడు ఉదయం ప్రార్థన వేళకల్లా బడి అంతటికీ తెలుస్తుంది. వెళ్ళిన ప్రతి ఇంటి పిల్ల మీదా ఒక ముద్ర పడుతుంది. అందుకని తరగతిలోని ప్రతి ఒక్కరి ఇంటికీ వస్తానని ముందే తరగతిలో చెప్పి, అలాగే చేయాలి. ఇది కష్టమేమీ కాదు. 40 మంది ఉన్న తరగతికి వారానికి రెండు సాయంత్రాలు, సాయంత్రానికి 3 ఇళ్ళ చొప్పున వెళితే 7 వారాల్లో పూర్తవుతుంది. జూన్ 12న బడి తెరిచిన వారం నుంచి మొదలుపెడితే జూలై నెలాఖరుకు అందరినీ చూసి రావచ్చు. సంవత్సరం మొదట్లోనే వెళ్ళడం వల్ల ఇంకో మేలు ఉంది: అప్పటికి ఫిర్యాదు చేయడానికి మన దగ్గర ఏమీ ఉండదు.

ఏ ఇంటితో మొదలుపెట్టాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ చిన్నది కాదు. ఊరి నడిబొడ్డున, బడి పక్కన ఉన్న ఇళ్ళతో మొదలుపెడితే ఆ తరువాత వానలు, పరీక్షలు, శిక్షణలు వచ్చి చివరికి కాలువ అవతలి కాలనీ, గుట్ట కింది తండా మిగిలిపోతాయి. కాబట్టి దూరంగా ఉన్న వాడతోనే మొదలుపెట్టాలి. దళితవాడలో, తండాలో, గూడెంలో, చెరువు కట్ట మీది గుడిసెల్లో మొదటి వారం పూర్తిచేసి, అక్కడి నుంచి ఊళ్ళోకి రావాలి.

కుటుంబం అనుమతి లేకుండా వెళ్ళకూడదు. రెండు మూడు రోజుల ముందు పిల్లతో చెప్పి పంపడమో, ఫోన్ చేయడమో చేసి, ఫలానా సాయంత్రం వస్తే వీలవుతుందా అని అడగాలి. "నేను మీ అబ్బాయి తరగతి ఉపాధ్యాయుణ్ణి. అందరి ఇళ్ళకూ వెళుతున్నాను, మీ ఇంటికి కూడా వద్దామనుకుంటున్నాను. ఫిర్యాదు ఏమీ లేదు, పది నిమిషాలు కూర్చుని మీతో మాట్లాడి వెళతాను" అని చెబితే చాలు. వద్దంటే కారణం అడగకూడదు. ఇంటి పరిస్థితి చూపించుకోలేని సిగ్గు కావచ్చు, ఇంట్లో గొడవలు కావచ్చు, అప్పులవాళ్ళు తిరుగుతూ ఉండవచ్చు. అటువంటప్పుడు పొలం గట్టు మీదో, బడి ఆవరణలోని చెట్టు కిందో, వారికి నచ్చిన మరోచోటో కలుద్దామని అనాలి.

ప్రధానోపాధ్యాయునికి ముందుగా చెప్పి, ఏ రోజు ఎవరి ఇంటికి వెళుతున్నదీ మూవ్‌మెంట్ రిజిస్టర్‌లో రాయాలి. వీలైనంత వరకు ఇద్దరు కలిసి వెళ్ళాలి. వారిలో ఒకరు మహిళ అయితే తల్లులు, నాయనమ్మలు మరింత స్వేచ్ఛగా మాట్లాడతారు. పెద్దలెవరూ లేకుండా ఆడపిల్ల ఒక్కతే ఇంట్లో ఉంటే పురుష ఉపాధ్యాయుడు లోపలికి వెళ్ళకూడదు. మళ్ళీ వస్తానని వాకిట్లోంచే చెప్పి వెనక్కి రావాలి.

వేళ చూసుకుని వెళ్ళాలి

బడి వదిలిన వెంటనే మనకు వీలు గానీ చాలా ఇళ్ళలో అప్పటికి ఎవరూ ఉండరు. ఏ ఇంటికి ఏ వేళ సరిపోతుందో ఆ ఇంటి పనిని బట్టి తెలుసుకోవాలి. వరి నాట్లు ముమ్మరంగా సాగే రోజుల్లో ఆడవాళ్ళు తెల్లవారకముందే లేచి వంట ముగించి పొలానికి వెళ్ళి, పొద్దు గూకాక వచ్చి మళ్ళీ పొయ్యి వెలిగిస్తారు; ఆ వారాల్లో వాళ్ళను కలవాలంటే ఆదివారం మధ్యాహ్నం తప్ప దారి లేదు. గీత కార్మికుల ఇళ్ళకు చెట్టెక్కే వేళల్లో, అంటే పొద్దున, సాయంత్రం వెళ్ళకూడదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల చేపల వేటపై నిషేధం ఉంటుంది కనుక, మత్స్యకార గ్రామాల్లో బడి తెరిచిన ఆ మొదటి రోజుల్లోనే తండ్రులు ఇంటిపట్టున దొరుకుతారు. శ్రీకాకుళం తీరం నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు వేటకు వెళ్ళేవారి ఇళ్ళలో ఆ అవకాశం జారవిడిస్తే మళ్ళీ నెలల తరబడి తండ్రిని చూడలేం.

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల ప్రాంతాల్లో తండ్రి గల్ఫ్‌లో ఉన్న ఇళ్ళు, కడప జిల్లాలోనూ కోనసీమలోనూ తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. అటువంటి ఇంటికి వెళ్ళేటప్పుడు, దూరాన ఉన్నవారికి వీలైన రోజు ఏదో అడిగి, ఆ వేళకు వీడియో కాల్‌లో వాళ్ళను కూడా కూర్చోబెట్టుకోవచ్చు. వేల మైళ్ళ దూరంలో ఉన్న తల్లి తన కూతురి ఉపాధ్యాయురాలి ముఖం చూసి నాలుగు మాటలు మాట్లాడగలగడం ఆమెకూ, ఆ పిల్లకూ ఎంత ధైర్యమిస్తుందో చూసినవారికే తెలుస్తుంది. అదే విధంగా ముస్లిం కుటుంబాలకు శుక్రవారం మధ్యాహ్నం, రంజాన్ మాసంలో ఇఫ్తార్ వేళ విడిచిపెట్టాలి. నగరాల్లో అపార్టుమెంటు వాచ్‌మన్ కుటుంబాలకు సెల్లార్‌లోని ఒక్క గదే ఇల్లు. అక్కడ మాట్లాడుతుండగానే పై అంతస్తుల నుంచి పిలుపులు వస్తూ ఉంటాయి, అందుకు మనం విసుక్కోకూడదు.

గడప దగ్గర

చెప్పులు బయట విడవాలి. తల్లిదండ్రులు ఎంత చిన్న వయసువారైనా, ఎటువంటి పనిచేసేవారైనా "మీరు" అనే సంబోధించాలి. అమ్మా, అన్నా, అక్కా, తాతా, అవ్వా అని ఆ ఊరు పిలిచే తీరులో పిలవాలి. పక్కింటి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి మనకు వేసి, తల్లి గుమ్మం దగ్గర నిలబడో నేల మీద కూర్చునో మాట్లాడడం మొదలుపెడుతుంది. ఆ ఏర్పాటులో ఆమె మనతో మనసు విప్పి మాట్లాడలేదు. "మీరు కూర్చోకపోతే నేనూ నిలబడే మాట్లాడతాను" అని చెప్పి, మంచం ఉంటే ఇద్దరూ మంచం మీద, చాప ఉంటే ఇద్దరూ చాప మీద కూర్చోవాలి.

మంచినీళ్ళు ఇస్తే తాగాలి. ఈ ఒక్క విషయంలో ఎంత చెప్పినా ఎక్కువ కాదు. మన ఊళ్ళలో ఎవరి ఇంట్లో ఎవరు నీళ్ళు తాగుతారు, ఎవరు తాగరు అన్న లెక్క ఇంకా పూర్తిగా పోలేదు. ఆ లెక్క పెద్దలకంటే పిల్లలకే బాగా తెలుసు. పై వీధిలో టీ తాగి వచ్చిన సారు తమ ఇంట్లో "ఇప్పుడే తాగి వచ్చానమ్మా" అంటే, ఆ మాట నిజమే అయినా, వినే పిల్ల దాన్ని మరోలా అర్థం చేసుకుంటుంది. టీ పడకపోతే నీళ్ళైనా తీసుకోవాలి. చదువులో అందరూ సమానమని పాఠం చెప్పే మనిషి తన ఇంట్లో గ్లాసు పట్టుకుని తాగడం చూసిన పిల్ల మర్నాటి నుంచి తరగతిలో తలెత్తుకు కూర్చుంటుంది.

భాష తెలియని ఇళ్ళు ఉంటాయి. లంబాడా తండాలో ముసలమ్మకు తెలుగు అంతగా రాకపోవచ్చు. పెద్దపల్లి ప్రాంతపు ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు ఒడియానో, తమ సొంత భాషనో మాట్లాడతాయి. అటువంటి చోట్లకు అంగన్వాడీ టీచర్‌నో, ఆ భాష వచ్చిన స్థానికులనో వెంట తీసుకెళ్ళాలి. విద్యార్థినే దుబాసీగా వాడుకుంటే తల్లిదండ్రుల కష్టాలు పిల్ల నోటితోనే చెప్పించినట్టు అవుతుంది, తల్లి కూడా చాలా మాటలు మింగేస్తుంది. ఇంట్లో పిల్లలు ఏ భాషలో ఆడుకుంటారో వినడం కూడా ఈ సందర్శనలో ముఖ్యమైన పని. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కోయ, గోండి, కొలామీ, బంజారా తదితర 8 భాషల్లో ప్రాథమిక తరగతులకు బహుభాషా విద్యా కార్యక్రమం నడిచింది. ఇంటి భాషకూ బడి భాషకూ మధ్య ఉన్న ఎడం పిల్లల చదువును ఎంతగా దెబ్బతీస్తుందో గుర్తించడం వల్లనే ఆ ప్రయత్నం జరిగింది. తరగతిలో నోరు విప్పని పిల్లవాడు తన ఇంటి ముందు తన భాషలో గలగలా మాట్లాడుతుంటే విన్న ఉపాధ్యాయుడు ఇక వాణ్ణి మొద్దు అనుకోలేడు.

ఏం మాట్లాడాలి

మొదటి మాట పిల్ల గురించిన మంచి మాట కావాలి, అదీ నిజమైన మాట కావాలి. "మీ అమ్మాయి మంచిది" అంటే ఎవరి గురించైనా అనగలిగిన మాట. "మొన్న ఒక పిల్ల పడిపోతే మీ అమ్మాయే వెంటనే వెళ్ళి లేపి, మోకాలు కడిగింది" అంటే ఆ పిల్లను మనం చూస్తున్నామని ఇంటివాళ్ళకు తెలుస్తుంది. అలాంటి మాట ఒకటి చెప్పలేకపోతే ఆ వారం తరగతిలో ఆ పిల్లను గమనించి, తరువాతి వారం వెళ్ళడం మేలు.

ఆ తరువాత అడగవలసినవి కొన్నే. ఇంట్లో పిల్ల ఏ పని ఇష్టంగా చేస్తుంది? బడి గురించి ఇంట్లో ఏం చెబుతుంది? ఎవరితో ఎక్కువ చేరువ? దేనికి భయపడుతుంది? మీరు చదువుకున్న రోజుల్లో బడి ఎలా ఉండేది? పెద్దయ్యాక ఏమవ్వాలని మీకు ఉంది? మా బడి వల్ల మీకేమైనా ఇబ్బంది కలుగుతోందా? మీతో మాట్లాడాలంటే ఏ వేళ ఫోన్ చేయాలి? ఇందులో ఏ ప్రశ్న అడిగినా, జవాబు కోసం ఆగాలి. ఉపాధ్యాయులకు నిశ్శబ్దం భరించడం కష్టం. తరగతిలో మూడు క్షణాల్లో జవాబు రాకపోతే మనమే చెప్పేసే అలవాటు ఉంది. ఇక్కడ ఆ అలవాటు పక్కన పెట్టాలి. తండ్రి తన బడి రోజుల గురించి చెబుతూ, ఎందుకు చదువు మానేశాడో చెప్పడానికి వచ్చేసరికి కొంచెం సమయం పడుతుంది. అక్కడే కొడుకు చదువు గురించి ఆయనకున్న అసలు భయం బయటపడుతుంది.

అడగకూడనివి కూడా ఉన్నాయి. ఆదాయం ఎంత, అప్పెంత, ఇంట్లో ఎవరు తాగుతారు, మరుగుదొడ్డి ఎందుకు కట్టించుకోలేదు, ఏ కులం, అన్నయ్య ఎందుకు ఫెయిలయ్యాడు అన్నవి మనకు అనవసరం. కాగితం చేతికిచ్చి చదవమనకూడదు. పిల్ల ముందు వేలిముద్ర వేయించకూడదు. బీడీలు చుట్టే తల్లి చేతులు ఆపకుండానే మాట్లాడుతుంది. వెయ్యి బీడీల లెక్కన కూలి వచ్చే పని అది కనుక, ఆమెను ఆపమని అడగకుండా ఆ పక్కనే కూర్చుని మాట్లాడాలి.

పిల్ల ఎదుట ఫిర్యాదు చేయకూడదు. చేస్తే మనం ఇంకా వీధి మలుపు తిరగకముందే దెబ్బలు పడతాయి. "కళ్ళు రెండూ వదిలేసి ఎక్కడ కొట్టినా పరవాలేదు సార్, బాగుపడితే చాలు" అని చెప్పే తండ్రులు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాటకు నవ్వి ఊరుకుంటే ఒప్పుకున్నట్టే. విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. అయితే ఆ ఇంట్లో చట్టం పేరెత్తి తండ్రిని నిలదీయడం సరికాదు. "కొట్టకుండానే నేర్పిస్తానన్నా, ఆ బాధ్యత నాది, మీరు రోజూ రాత్రి పది నిమిషాలు వాడి పక్కన కూర్చోండి, చదువు రాకపోయినా ఏం చదివావో చెప్పమని అడగండి" అని అంటే, ఆయనకు చేయగలిగిన పని ఒకటి దొరుకుతుంది.

ఇంట్లో ఉన్న చదువు

ఇంటికి వెళ్ళడం అంటే లోపాలు చూడడానికి వెళ్ళడం అన్న అభిప్రాయం మనలో బలంగా ఉంది. చదువుకోవడానికి గది లేదు, కరెంటు పోతూ ఉంటుంది, టీవీ మోగుతూ ఉంటుంది అని రాసుకుని వస్తాం. అమెరికాలోని టూసాన్ నగరంలో 1990ల ఆరంభంలో కొందరు పరిశోధకులు, ఉపాధ్యాయులు కలిసి మెక్సికో మూలాలున్న శ్రామిక కుటుంబాల ఇళ్ళకు వెళ్ళినప్పుడు వెదికింది లోపాలను కాదు. ఆ కుటుంబాల దగ్గర ఉన్న వ్యవసాయం, కట్టడం, వైద్యం, వ్యాపారం గురించిన జ్ఞానాన్ని గుర్తించి, దాన్ని పాఠాల్లోకి తెచ్చారు. మన ఊళ్ళలో ఆ పనికి వీలున్నంతగా ఇంకెక్కడా ఉండదేమో అనిపిస్తుంది.

పోచంపల్లి, పుట్టపాక వైపు ఒక చేనేత ఇంట్లోకి అడుగుపెడితే, గోడవారన మేకుల వరుస మీద తల్లి నూలుతో ఆసు పోస్తూ ఉంటుంది, అంటే నేతకు ముందు పోగును ఆ మేకుల చుట్టూ తిప్పుతూ ఉంటుంది. తండ్రి గుర్తులు పెట్టిన చోటల్లా దారపు కట్టలకు రబ్బరు చుట్టి బిగిస్తుంటాడు. రంగులో ముంచినప్పుడు చుట్టిన చోట రంగు అంటదు, విప్పి నేస్తే అక్కడ పువ్వో చిలుకో తేలుతుంది. నమూనా మొత్తం గళ్ళ కాగితం మీద ఉంటుంది: ఏ గడిలో ఏ రంగు, ఎన్ని పోగులకు ఒక గడి అన్నది తొమ్మిదో తరగతి పిల్లకు చూడకుండా చెప్పడం వచ్చు. ఆ పిల్లే తరగతిలో నిరూపక జ్యామితి వచ్చేసరికి బిక్కమొహం వేస్తుంది. గళ్ళ కాగితం మీద బిందువులు గుర్తించడం ఆమె ఇంటి పనే అని ఉపాధ్యాయునికి తెలిస్తే ఆ పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. సౌష్ఠవం, నిష్పత్తి కూడా ఆ మగ్గం దగ్గరే ఉన్నాయి. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం ఆరో తరగతితో బడి మానేసినవారే. ఒక చీరకు ఆసు పోయడానికి తల్లి దాదాపు 9,000 సార్లు చేయి ఆడించవలసి రావడం, ఆమె భుజం నొప్పితో బాధపడడం చూసి, ఏళ్ళ తరబడి శ్రమించి 1999లో లక్ష్మీ ఆసు యంత్రాన్ని తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. అంతటి బుద్ధి ఉన్న పిల్లవాణ్ణి బడి నిలబెట్టుకోలేకపోయిందన్న సంగతి మన వృత్తిలో ఉన్నవారికి గుచ్చుకోవాలి.

సంతలో తల్లి పక్కన కూరగాయలు తూచే ఏడో తరగతి పిల్లవాడు కిలో 30 రూపాయలైతే ముప్పావు కిలోకు ఇరవై రెండున్నర అని తడుముకోకుండా చెబుతాడు, పలక మీద భిన్నాల గుణకారం మాత్రం చేయలేడు. వాడికి రానిది లెక్క కాదు, మనం రాసే తీరు. అయితే ఒక జాగ్రత్త ఉంది. పిల్లల పనితనం చూసి ముచ్చటపడి, ఆ పని వారి చదువునూ నిద్రనూ ఎంత తింటోందో చూడకుండా రాకూడదు. మధ్యాహ్నం తరగతిలో కునికిపాట్లు పడే పిల్ల ఇంటికి వెళితే, ఆ వీధికి నల్లా నీళ్ళు తెల్లవారుజామున వస్తాయనీ, బిందెలన్నీ నింపేది ఆమేననీ తెలియవచ్చు.

ఫొటోలు, హామీలు

ఇంటి ముందు కుటుంబాన్ని నిలబెట్టి ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం పూర్తిగా మానుకోవాలి. పైకప్పు సరిగా లేని ఇంటిని, చిరిగిన పరదాను, తల్లి నీరసపు ముఖాన్ని ఊరందరి ఫోన్లలోకి పంపే హక్కు మనకు లేదు. సందర్శన జరిగిందనడానికి రిజిస్టర్‌లో ప్రధానోపాధ్యాయుని సంతకం చాలు.

పింఛను రాలేదని, ఇంటిస్థలం కావాలని అడుగుతారు. చేయిస్తానని చెప్పకూడదు. సచివాలయంలోనో పంచాయతీ కార్యదర్శి దగ్గరో ఏ కాగితాలు ఇవ్వాలో కనుక్కుని చెబుతానని అని, ఆ ఒక్కటీ తప్పకుండా చేయాలి.

కష్టమైన విషయాలు తెలిసినప్పుడు

వలస వెళ్ళబోతున్నారని తెలిస్తే అది మనకు ముందుగా అందిన విలువైన సమాచారం. కర్నూలు జిల్లా కోసిగి, ఆదోని, మంత్రాలయం ప్రాంతాల నుంచి మిరపకాయల కోతకు గుంటూరు వైపు వెళ్ళే కుటుంబాలతో పిల్లలు కూడా వెళ్ళిపోతారు. బయలుదేరే రోజుకు ముందే మాట్లాడితే, ప్రభుత్వ పథకమైన సమగ్ర శిక్ష కింద వలస కాలంలో నడిచే సీజనల్ హాస్టల్‌లో పిల్లలను ఉంచడమో, నాయనమ్మ దగ్గర విడిచి వెళ్ళడమో కుటుంబం ఆలోచించగలుగుతుంది. వెంట తీసుకెళ్ళక తప్పకపోతే, అక్కడి బడిలో చేర్పించమని చెప్పి, పిల్ల ఏ పాఠం దాకా చదివిందో ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. టీసీ అడిగితే వెంటనే ఇవ్వాలనీ, టీసీ రావడం ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదనీ విద్యా హక్కు చట్టం 5వ సెక్షన్ చెబుతోంది. ఈ మాట తల్లిదండ్రులకు తెలియదు, అక్కడి బడిలో కొందరికీ గుర్తుండదు.

గద్వాల ప్రాంతంలో విత్తన పత్తి పూలకు క్రాసింగ్ (చేతితో పరాగ సంపర్కం) చేసే నెలల్లో తరగతులు పలచబడడం అక్కడి ఉపాధ్యాయులకు బాగా తెలిసిన విషయమే. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం 14 ఏళ్ళ లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదు. బడి వేళల తరువాతనో సెలవుల్లోనో సొంత కుటుంబపు పనిలో, అదీ ప్రమాదకరం కాని పనిలో సాయపడడానికి మినహాయింపు ఉంది. సొంత చేనులో సాయంత్రం గంట సాయం చేయడం వేరు, బడి మానేసి మేస్త్రి వెంట వెళ్ళడం వేరు. రెంటినీ ఒకటిగా చూసి కుటుంబం మీద కోపగించుకుంటే మళ్ళీ ఆ గడప తొక్కనివ్వరు.

18 ఏళ్ళు నిండని అమ్మాయికి పెళ్ళి మాటలు జరుగుతున్నాయని తెలిసినా, పిల్లను హింసిస్తున్నారని అనుమానం వచ్చినా అక్కడే నిలదీయకూడదు, మనమే విచారణ చేయబోకూడదు. ఆ రోజే ప్రధానోపాధ్యాయునికి చెప్పి, 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయాలి. అంగన్వాడీలను పర్యవేక్షించే ఐసీడీఎస్ సూపర్‌వైజర్ ద్వారా బాల్యవివాహ నిషేధ అధికారికి తెలియజేయవచ్చు. లైంగిక వేధింపు విషయమైతే, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం కింద పోలీసులకు గానీ, ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గానీ తెలియజేయడం మన ఇష్టానికి విడిచిన పని కాదు. తెలిసీ చెప్పకపోవడమే నేరం. ఆ పిల్ల మనతో ఏదైనా చెప్పుకుంటే, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు. "నీకు సాయం చేయగలిగిన వాళ్ళకు మాత్రమే చెబుతాను" అని నిజమే చెప్పాలి.

తిరిగి వచ్చాక

అదే రాత్రి నాలుగు వాక్యాలు రాసుకోవాలి. చూసిందీ విన్నదీ రాయాలి, తీర్పులు రాయకూడదు. "తల్లికి శ్రద్ధ లేదు" అన్నది తీర్పు. "తల్లి రాత్రి తొమ్మిదికి పని నుంచి వస్తుంది, పిల్ల తమ్ముడికి అన్నం పెట్టి పడుకోబెడుతుంది" అన్నది సమాచారం. రెండోదాన్ని బట్టి ఏదైనా చేయవచ్చు, మొదటిదాన్ని బట్టి చేయగలిగింది ఏమీ లేదు. ఆ పుస్తకం తాళం వేసిన బీరువాలో ఉండాలి. స్టాఫ్ రూమ్‌లో భోజనాల దగ్గర ఆ ఇంటి సంగతులు మాట్లాడకూడదు.

వారం తిరగకముందే తరగతిలో ఒక మార్పు చేయాలి. నీళ్ళు మోసే పిల్లకు ఇంటిపని బడిలోనే చేసుకోవడానికి మధ్యాహ్న భోజనం తరువాత ఇరవై నిమిషాలు ఇవ్వవచ్చు; చేనేత ఇంటి పిల్ల చేత ఆ గళ్ళ కాగితం తెప్పించి లెక్కల పాఠం మొదలుపెట్టవచ్చు, అయితే తేవడం తనకు ఇష్టమేనా అని ఆమెనే ముందు అడగాలి. నెల లోపల ఒకసారి ఫోన్ చేసి, పిల్ల గురించి ఒక మంచి వార్త చెప్పాలి. ఫోన్ ఎత్తగానే కంగారుపడే తల్లి గొంతు ఆ తరువాతి ఫోన్‌కు మామూలుగా ఉంటుంది. ఇక హాజరు తగ్గినా, మార్కులు పడిపోయినా మాట్లాడడం ఇద్దరికీ తేలికవుతుంది. దసరా సెలవుల తరువాత రెండోసారి అందరి ఇళ్ళకూ వెళ్ళడం సాధ్యం కాకపోతే, మొదటిసారి కలవలేకపోయిన తండ్రులు ఉన్న ఇళ్ళకైనా వెళ్ళాలి.

బదిలీ అయినప్పుడు ఆ పుస్తకం మొత్తం కొత్తగా వచ్చినవారి చేతిలో పెట్టకూడదు. ఎవరి ఇంటికి ఏ వేళ వెళ్ళాలి, ఏ భాషలో మాట్లాడాలి, ఏ పిల్లకు ఏది బాగా వచ్చు అన్నవి వేరే కాగితం మీద రాసి ఇచ్చి, కుటుంబాలు మనల్ని నమ్మి చెప్పిన సొంత విషయాలున్న పుటలను చించివేయాలి. పిల్ల క్షేమానికి సంబంధించి అప్పటికే అధికారుల దృష్టికి వెళ్ళిన విషయం ఏదైనా ఉంటే, దాన్ని ప్రధానోపాధ్యాయునికి విడిగా అప్పగించాలి.